పడవలో ఆక్సిజన్ ఎన్ని నిమిషాలు?

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి జెట్టీ నుంచి జానీస్ గార్జ్ అనే డైవింగ్ చోటుకి మా డంగీ పడవలో గంటకు పైనే పడుతుంది. గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. అక్కడ డైవర్లు ముప్ఫై మీటర్ల దాకా దిగుతారు. పైకొచ్చాక ఎవరికైనా తేడా చేస్తే వెనక్కి రావడానికి మళ్లీ అంత సేపూ పడుతుంది. జెట్టీ నుంచి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి మనిషిని దించి, ఎక్కించి, చేర్చేసరికి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు. మొత్తం గంటన్నర. ఆ గంటన్నరా మనిషికి ఆక్సిజన్ అందుతూనే ఉండాలి. పడవ ముందు భాగంలో తాడుతో కట్టి ఉంచే ఆక్సిజన్ పెట్టెలో నేను సర్దేది ఈ తొంభై నిమిషాలనే.

మా అమ్మానాన్నలది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. చేపల వేటకని అండమాన్ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. నాన్న వల మోశాడు, నేను ట్యాంకులు మోస్తున్నాను. 2018లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీవిజయపురం అని పేర్లు మారాయి గానీ, పడవల మీద మేం ఇంకా పాత పేర్లే పలుకుతున్నాం. అక్టోబరు నుంచి మే దాకా మా సీజను. ఆ రోజుల్లో డైవ్‌మాస్టర్‌గా నీళ్లలోకి దిగడం ఒక పని. దిగే ముందు ఆక్సిజన్ పెట్టె చూడడం దానికంటే ముందు పని.

అసలు ఆక్సిజన్ ఎందుకో చెప్పాలి. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. ముప్ఫై మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి నాలుగింతలు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోనూ కండలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితో పాటు బయటికి పోతుంది. తొందరపడి పైకొచ్చినా, ఒకే రోజు లోతైన డైవులు వరసగా చేసినా, ఒక్కోసారి అన్నీ పద్ధతిగానే చేసినా, అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. దాంతో కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, విపరీతమైన నీరసం, కాళ్లు పట్టు తప్పడం. డైవర్లు దీన్ని బెండ్స్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో వంతెనల పునాదులు తవ్వడానికి, గాలి ఒత్తిడి నింపిన గదుల్లో దిగి పనిచేసిన కూలీలకు వచ్చింది కూడా ఈ జబ్బే. ఆ బుడగలు నైట్రోజన్‌వని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ తన ప్రయోగాలతో చూపించాడు. ఆక్సిజన్ పీల్చడం మేలు చేస్తుందన్నదీ ఆయన అప్పుడే చెప్పాడు.

ఊపిరితిత్తుల్లోకి నైట్రోజన్ అసలే రాకుండా ఆక్సిజన్ ఒక్కటే వెళితే, ఒంట్లోని నైట్రోజన్ బయటికి వచ్చే వేగం పెరుగుతుంది. బుడగ చిక్కిపోతుంది. బుడగ అడ్డుపడి రక్తం సరిగ్గా అందని చోటికి కూడా ఎంతో కొంత ఆక్సిజన్ చేరుతుంది. అయితే ఇందులో ఒక షరతుంది. పీల్చేది వీలైనంత వరకు నూటికి నూరు పాళ్లూ ఆక్సిజన్ కావాలి. ఆసుపత్రి వార్డుల్లో ముక్కు దగ్గర పెట్టే సన్నటి గొట్టాలతో ఆ పని కాదు. పక్కనుంచి మామూలు గాలి కలిసిపోయి, దానితో పాటే నైట్రోజన్ కూడా లోపలికి వెళ్తుంది.

ఇప్పుడు సిలిండర్ లెక్క. మన దేశంలో వైద్యానికి వాడే ఆక్సిజన్ సిలిండర్‌కి ఒళ్లు నలుపు, భుజాలు తెలుపు. బి-టైప్ అంటే పది లీటర్ల నీళ్లు పట్టే సిలిండర్. 150 బార్ ఒత్తిడితో నింపితే పది నూట యాభైలు, 1500 లీటర్ల ఆక్సిజన్. మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు వదిలితే వంద నిమిషాలు వస్తుంది. తొంభైకి వంద సరిపోయిందనిపిస్తుంది. కానీ డైవర్లు జంటగా దిగుతారు. ఇద్దరూ ఒకే లోతుకి వెళ్లి, ఒకే సమయానికి పైకొస్తారు. ఒకరికి వచ్చింది రెండోవారికి రాదన్న హామీ లేదు. ఇద్దరు పీలిస్తే వంద కాస్తా యాభై అవుతుంది. అందుకే దూరపు చోట్లకి వెళ్లే రోజున మా పడవలో రెండు బి-టైపులు ఉంటాయి. దీవికి దగ్గర్లో ఉన్న నీమో రీఫ్‌లో కొత్తవాళ్లకి నేర్పే రోజున ఒకటి చాలు. పెట్టె ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలన్న నియమం నాకు లేదు. ఎంత దూరం వెళ్తున్నామన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.

నింపి వచ్చిన సిలిండర్ నిండుగా ఉందన్న మాటా నేను నమ్మను, గేజీ చూడాల్సిందే. 120 చూపిస్తే 1200 లీటర్లు, అంటే ఎనభై నిమిషాలే. ఎండ తగిలిన సిలిండర్ ఒత్తిడి కాస్త ఎక్కువ చూపిస్తుంది కూడా. ముప్ఫై డిగ్రీల నీడలో 150 ఉన్నది నలభై ఐదు డిగ్రీల వేడి డెక్కు మీద 157 చూపిస్తుంది. ఆ ఏడూ మన లెక్కలోకి రావు. అందుకని పొద్దున్నే, ఎండ ఎక్కక ముందే చూసి, పక్కనున్న పలక మీద ఒత్తిడి కాకుండా నిమిషాలు రాస్తాను. కంగారులో ఉన్న మనిషికి బార్‌లను లీటర్లు చేసి, లీటర్లను పదిహేనుతో భాగించే ఓపిక ఉండదు.

ఇక్కడి దుకాణాల్లో సిలిండర్‌తో పాటు దొరికేది ఎఫ్.ఏ. వాల్వ్. నీళ్ల బాటిల్, నిలువు గాజు గొట్టం, అందులో తేలే చిన్న గుండు. ఆసుపత్రి మంచం పక్కన అది బాగానే పనిచేస్తుంది. పడవకి పనికిరాదు. ఆ గుండు సరైన అంకె చూపించాలంటే గొట్టం నిటారుగా ఉండాలి. పడవలో సిలిండర్‌ని పడుకోబెట్టి కట్టేస్తాం, అలలకి ఊగుతాం. గుండు ఎక్కడుందో దానికే తెలియదు. బాటిల్లో నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి. గంటన్నర పీల్చే ఆక్సిజన్‌కి తేమ కలపకపోయినా ముంచుకొచ్చేదేమీ లేదు, నోరు కాస్త ఎండుతుంది. కాబట్టి మాది టిక్కు టిక్కుమని తిరిగే డయల్ రెగ్యులేటర్. సిలిండర్ ఎలా పడుకున్నా 15 దగ్గర పెడితే 15 వస్తుంది.

ఆ రెగ్యులేటర్‌కి రెండు రకాల దారులుంటాయి. ఒకటి సంచీ ఉన్న మాస్కుకి. దీన్ని నాన్-రీబ్రీదర్ అంటారు. సంచీ ముందు నిండాలి, తర్వాతే ముఖానికి పెట్టాలి. పీల్చినప్పుడు సంచీ పూర్తిగా చప్పబడితే ఇస్తున్నది చాలడం లేదని అర్థం. రెండోది డిమాండ్ వాల్వ్. డైవర్ నీళ్లలో వాడే రెగ్యులేటర్ లాంటిదే, పీల్చినప్పుడే ఆక్సిజన్ వదులుతుంది. మాస్కు ముఖానికి గట్టిగా అతికితే దాదాపు నూటికి నూరు పాళ్లూ అందుతుంది. వృథా లేదు కాబట్టి, నెమ్మదిగా ఊపిరి తీసే మనిషికి అదే సిలిండర్ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. తెలివిలో ఉండి సొంతంగా పీల్చగలిగే వాళ్లకి నేను మొదట ఇచ్చేది ఇదే. గుబురు గడ్డం ఉన్నవాళ్లకి మాత్రం అంచుల్లోంచి గాలి దూరుతుంది. మాస్కుని వాళ్ల చేతే నొక్కి పట్టించాలి. ఊపిరే ఆడని వాళ్ల కోసం నోటితో ఊదే పాకెట్ మాస్కు వేరుగా ఉంటుంది, ఆక్సిజన్ గొట్టం తగిలించే చిన్న మూతితో సహా. నీళ్లలో మునిగిన మనిషికి ముందు కావాల్సింది ఊపిరి అందించడం. రెగ్యులేటర్ బిగించేదాకా ఆగి చూస్తే కాదు.

పెట్టె విషయంలో నేను గట్టిగా మాట్లాడేది ఒక్కచోటే. మేనల్లుడి వరసయ్యే కుర్రాడొకడు మా పడవలో ఇంజను పని నేర్చుకుంటున్నాడు. సిలిండర్ కీ తిప్పబోయి అడిగాడు.

"మావా, ఇది బిగుసుకుపోయింది. కాసింత గ్రీజు రాసేదా?"

"ఇంజనుకి రాయిరా. దీనికి వద్దు."

"తుప్పు పట్టేస్తది కదేటి?"

"తుప్పు పడితే మార్చుకుందుం. గ్రీజు రాస్తే నువ్వుండవు, నానుండను."

వాడు నవ్వాడు గానీ అది నవ్వులాట కాదు. అంత ఒత్తిడిలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి నూనె తగిలితే, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకోవచ్చు. వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే రెగ్యులేటర్ ఇరుకులోకి ఆక్సిజన్ దూసుకొచ్చి, నొక్కుకుపోయి, వేడెక్కుతుంది. అక్కడ చిటికెడు జిడ్డు ఉంటే చాలు. పడవలో జిడ్డు ఇంజను దగ్గరే ఉంటుందనుకుంటాం. తలకి రాసుకున్న కొబ్బరినూనె, పర్యాటకులు ఒంటికి పూసుకునే సన్‌స్క్రీన్, కెమెరా పెట్టె రబ్బరు రింగుకి రాసే గ్రీజు, మధ్యాహ్నం తిన్న చేపల వేపుడు, అన్నీ జిడ్డే. ఆక్సిజన్ పెట్టె ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని తువ్వాలు వేరుగా ఉండాలి. బీడీ సంగతి చెప్పక్కర్లేదు. ఇంజను గది పక్కన, పైన టార్పాలిన్ కప్పి మూసేసిన మూలలో ఆక్సిజన్ ఇవ్వకూడదు. గాలి ఆడే చోటే పడుకోబెట్టాలి.

తెరవడానికీ పద్ధతుంది. రెగ్యులేటర్ తగిలించక ముందు, మూతి ఎవరి వైపూ లేకుండా తిప్పి, ఒక్క క్షణం వాల్వ్ వదిలితే లోపలి దుమ్ము ఎగిరిపోతుంది. తర్వాత రెగ్యులేటర్ మేకులు సిలిండర్ రంధ్రాల్లో కూర్చోవాలి. ఆక్సిజన్‌కి ఆ మేకుల స్థానాలు వేరు. ఇంకో గ్యాసు సిలిండర్‌కి ఇది పట్టకుండా పెట్టిన ఏర్పాటది. మధ్యలో వాషరు ఉండాలి. చేత్తోనే బిగించాలి. ఆపైన వాల్వ్ తెరవడం, ఉయ్యాల్లో నిద్రపోయే బిడ్డ లేవకుండా తలుపు తీసినంత మెల్లగా. గేజీ ముల్లు నెమ్మదిగా లేవాలి. వాల్వ్ మూసి కొంతసేపు చూస్తే ముల్లు కదలకూడదు. దిగిపోతుంటే లీకు ఉన్నట్టే. నూటికి తొంభై సార్లు కారణం వాషరే.

ఇంత పెద్ద సిలిండరూ ఆ వాషరు లేకపోతే ఇనుప దిమ్మె. కీ లేకపోయినా అంతే. అందుకే కీ సిలిండర్ మెడకి తాడుతో కట్టి ఉంటుంది, పెట్టెలో ఇంకొకటి, కెప్టెన్ దగ్గర మరొకటి. వాషర్లు చిన్న డబ్బీలో నాలుగైదు. మా దీవుల్లో ఇనుముని ఉప్పుగాలి తినేస్తుంది, ప్లాస్టిక్‌ని ఎండ తినేస్తుంది. మాస్కు ఎలాస్టిక్ సాగిపోతుంది, సంచీ గోడలు వేడికి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వారానికోసారి విప్పి, సంచీని వేళ్లతో విడదీసి చూడాలి. తెరిచి ఉన్న గొట్టం మూతి దొరికితే కుమ్మరి పురుగు దాన్ని మట్టితో పూడ్చి గూడు కట్టుకుంటుంది, బొద్దింకైతే అద్దె ఇవ్వకుండా కాపురం పెడుతుంది. ప్రతి మూతికీ టోపీ పెట్టాల్సిందే. ఇవన్నీ నీళ్లు చొరబడని గట్టి పెట్టెలో ఉంటాయి. సాయంత్రం పెట్టె బయటి ఉప్పుని మంచినీళ్లతో కడిగి, ఆరాక గానీ తెరవను.

వానాకాలం నాలుగు నెలలూ పెట్టె ఒడ్డునే ఉంటుంది. అప్పుడు కూడా సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ చేసి పెట్టకూడదు. కొంత ఒత్తిడి మిగిల్చి వాల్వ్ మూస్తేనే తేమగాలి లోపలికి పోదు. లోపల పట్టే తుప్పు కంటికి కనబడదు. సిలిండర్ భుజం మీద గుద్దిన తేదీలు చదవడం ఈ నెలల్లోనే. ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి. ఈ సిలిండర్ల వ్యవహారమంతా నాగపూర్‌లో కార్యాలయం ఉన్న పెసో అనే కేంద్ర సంస్థ కిందికి వస్తుంది, 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం. విదేశం నుంచి తేలికపాటి అల్యూమినియం సిలిండర్‌తో వచ్చే అందమైన కిట్ కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి పెసో ఆమోదం లేకపోతే ఒకసారి వాడాక మళ్లీ నింపేవాడు ఉండడు. నింపించడానికి మేం పోర్ట్ బ్లెయిర్‌కి పంపాలి. వెళ్లి వచ్చేదాకా ఆ సిలిండర్ లేనట్టే. అందుకని వాడే జంట కాకుండా మరొకటి నిండుగా ఒడ్డున ఉంచుకుంటాం.

కోవిడ్ రోజుల్లో, 2021 ఏప్రిల్‌లో, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకి బయలుదేరింది. బి-టైప్, డి-టైప్ అన్న మాటలు ఇళ్లల్లో ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా తెలిసిపోయిన రోజులవి. అప్పటి నుంచి మా పడవెక్కేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ బరువులెందుకు, కాన్సన్‌ట్రేటర్ పెట్టుకోవచ్చుగా?" ఇళ్లలో వాడే ఆ మిషను నిమిషానికి ఐదు లీటర్లో పది లీటర్లో ఇస్తుంది, అదీ 93 శాతం దగ్గర. దానికి కరెంటు కావాలి. కోవిడ్ రోగికి ప్రాణం నిలిపిన మిషనే అది. మాకు కావాల్సింది నిమిషానికి పదిహేను లీటర్లు, నూరు శాతం, కరెంటు లేని చోట.

ఇంత సిద్ధంగా ఉంచిన నిమిషాలు ఎక్కడ పోతాయంటే, ఎక్కువగా పెట్టె తెరవక ముందే పోతాయి. ఓసారి హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. రెండో డైవ్ అయ్యాక ఆయన పడవ అంచున కూర్చుని మోచెయ్యి పిసుక్కుంటున్నాడు.

"ఏమైంది సార్?"

"ఏం లేదన్నా. ట్యాంక్ ఎత్తినప్పుడు పట్టేసినట్టుంది."

"వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయాండి?"

"కొంచెం."

"అయితే పడుకోండి. మాస్క్ పెడతాను."

"గింత దానికే అంత అవసరమా అన్నా? రేపు పొద్దుగాల ఫ్లైట్ ఉంది."

ఈ సంభాషణ మనుషులు మారి మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఆక్సిజన్ పెట్టుకుంటే జబ్బు ఉన్నట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సెలవు పాడవుతుంది, విమానం తప్పుతుంది, పక్కనున్నవాళ్లు చూస్తారు. పడవ వాళ్లకీ ఓ మొహమాటం ఉంటుంది, మిగతా అతిథులు బెదిరిపోతారని. నేను పెట్టుకున్న నియమం సులువైనది. డైవ్ తర్వాత కొత్తగా ఏ నొప్పి, ఏ తిమ్మిరి వచ్చినా ముందు ఆక్సిజన్, తర్వాత అనుమానాలు. బెండ్స్ కాదని తేలితే పోయేది కాస్త ఆక్సిజన్. గాలి పీల్చే డైవర్‌కి పడవ మీద కొన్ని గంటలు ఆక్సిజన్ ఇచ్చినందువల్ల చెడు జరగదు.

ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి డిమాండ్ వాల్వ్ ఇచ్చాను. మొదలుపెట్టిన సమయం పలక మీద రాశాను. డైవ్ కంప్యూటర్ ఆయన దగ్గరే ఉంచాను, లోతూ సమయమూ డాక్టర్‌కి అదే చెప్తుంది. నవ్వమన్నాను, రెండు చేతులతో నా వేళ్లు పిండమన్నాను, కళ్లు మూసుకుని నేను ఎక్కడ ముట్టుకున్నానో చెప్పమన్నాను. కుడిచేతి పట్టు తక్కువగా ఉంది. అదీ రాశాను. మంచినీళ్లు గుక్క గుక్కగా తాగించాం. ఆవిడ్ని పక్కనే కూర్చోబెట్టి, ఆవిడకేమైనా అనిపిస్తే అప్పుడే చెప్పమన్నాను. దూరపు చోట్లలో ఫోన్ సిగ్నల్ దొరకదు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఒడ్డుకి కబురు పెట్టించాం. పలక వెనక కోస్ట్‌గార్డ్ 1554 నంబరు, ఛానల్ 16 అని పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది.

అరగంటకి తిమ్మిరి తగ్గింది. ఆయన మాస్కు తీసెయ్యబోయాడు. ఇదే రెండో గండం. ఆక్సిజన్‌తో తగ్గిందంటే, జబ్బు అదేననడానికి ఇంకాస్త బలమైన అనుమానమే గానీ నయమైపోయిందని కాదు. తీసేస్తే మళ్లీ రావచ్చు. ఆరోగ్య కేంద్రం చేరేదాకా తియ్యనివ్వలేదు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, నేవీ ఆసుపత్రిలోని ఛాంబర్‌కి. ఆ ఉక్కు గదిలో ఒత్తిడి పెంచి, పద్దెనిమిది మీటర్ల లోతుకి సమానం చేసి, ఆక్సిజన్ పీల్పిస్తారు. మామూలుగా వాడే పట్టిక ప్రకారం అది దాదాపు ఐదు గంటల చికిత్స. అసలు వైద్యం అదే, మాది అక్కడిదాకా చేర్చే పని మాత్రమే. విమానం వాయిదా పడింది, చెయ్యి మాత్రం బాగయింది.

ఇప్పుడు విశాఖ రుషికొండలో కూడా స్కూబా చేయిస్తున్నారు. మనవాళ్లు లక్షద్వీప్‌కీ మాల్దీవులకీ కూడా వెళ్తున్నారు. ఎక్కడ పడవెక్కినా, దిగే ముందు డైవ్‌మాస్టర్‌ని మూడు అడగండి. ఆక్సిజన్ ఎక్కడుంది? ఇద్దరికి కలిపి ఎన్ని నిమిషాలు వస్తుంది? మీరు నీళ్లలో ఉన్నప్పుడు పైన దాన్ని తెరవడం ఎవరికి వచ్చు? మొదటి ప్రశ్నకి అందరూ వేలు చూపిస్తారు. మూడోదానికి కెప్టెన్ వైపో కుర్రాడి వైపో చూస్తారు, ఆ మనిషిని పిలిచి కీ ఎక్కడుందో అడగండి. రెండోదానికి జవాబు నిమిషాల్లో రావాలి. "నిండుగానే ఉందండీ" అన్నాడంటే ఆ రోజు లెక్క ఇంకా వెయ్యలేదన్నమాట. అతను వేసేదాకా మీరు ట్యాంకు తగిలించుకోకండి.